బుట్ట చేతులు, బెల్ బాటం

ఆళ్లగడ్డలో జ్యోత్స్న ఇంటికి మగవాళ్లు వస్తే రెండే పనుల మీద వస్తారు. పెళ్లాం రవిక తీసుకుపోవడానికి, లేదా ఇంకా ఎందుకు కుట్టలేదని అరిచి పోవడానికి. ఆ మధ్యాహ్నం లక్ష్మీనారాయణ మాత్రం చంకలో ఒక పొట్లం ఇరికించుకుని, సందు అటూ ఇటూ చూసుకుని, చెప్పులు గడప బయట వదలకుండా చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. మిషను తొక్కుతున్న జ్యోత్స్న కాలు ఆగిపోయింది.

"ఏంది పెద్దనాయనా, చెప్పులు చేత్తో పట్టుకొస్తాండావ్?"

"బయటుంటే ఎవురన్నా గుర్తుపడతారు. నువ్వు రొంత మెల్లగా మాట్లాడు."

అరవై దాటిన మనిషి. దొర్నిపాడు పక్క శనగ చేలున్నాయి. మార్కెట్ యార్డులో ఆయన దగ్గితే దళారులు లేచి నిలబడతారని చెప్పుకుంటారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. కూతురి పెళ్లిలో కూడా అదే వేషం. అలాంటి మనిషి స్టూలు మీద కూచుని, పొట్లం విప్పి, చాక్లెట్ రంగు ప్యాంటు గుడ్డ బయటికి తీశాడు.

"ప్యాంటు కుట్టాల."

"ఎవురికి?"

"భజన మందిరం కాడ నాటకం ఆడతాండారు లే. అందులో ఒగనికి."

"కొలతలు?"

"నావే తీసుకో. వాడు నా మాదిరే ఉంటాడు."

"పొట్ట కూడానా?"

లక్ష్మీనారాయణ కాసేపు పైకప్పు చూశాడు. "పొట్ట కూడా," అన్నాడు.

గోడవార మంచం మీద కూచుని చింతపండు గింజలు తీస్తున్న కృపావతి కిసుక్కుమంది. ఆమె జ్యోత్స్న అత్తగారు. నర్సుగా చేసి రిటైరయింది. ఆదివారం సంఘంలో స్త్రీలకు వాక్యం చెబుతుంది. అబద్ధం ఆడదు, ఎదుటివాళ్లు ఆడితే దాన్ని గుటుక్కున మింగే రకమూ కాదు.

"ఆ నాటకం ఎవురిదో నాకు అగుపడతానే ఉంది లే అప్పా," అంది. "నిజం చెప్పు, ఆ పిల్ల బాగా కుడుతుంది."

ఇక దాచలేక ఆయన చెప్పేశాడు. నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు సుకన్య మూడు టికెట్లు కొన్నదట. శనివారం సాయంత్రం ఫంక్షన్ హాల్లో పాత పాటల ఆర్కెస్ట్రా. వచ్చేవాళ్లంతా ఆ కాలం బట్టలు వేసుకుని రావాలట. నంద్యాలలో ఇంటర్ చదివే రోజుల్లో స్నేహితులందరికీ బెల్ బాటం ప్యాంట్లు ఉండేవి, తనకొక్కడికీ లేదు. అడిగితే వాళ్ల నాయన, "కుట్టిచ్చుకో, మంచిదే. మన వాకిలి ఊడ్చేదానికి మనిషిని పెట్టే పని తప్పుతాది," అన్నాడు. ఆ మాటకు ఇల్లంతా నవ్వారు. లక్ష్మీనారాయణ ఆ తర్వాత ప్యాంటన్నదే ముట్టలేదు.

"రోడ్డు మీద జెంట్స్ టైలరు ఉండాడు కదా?"

"వాని అంగడి పక్కనే టీ కొట్టు. వాడు కత్తెర పట్టకముందే ఊరంతా తెలుస్తాది. నువ్వు ఆడోళ్లవే కుడతావు కాబట్టి ఎవురికీ అనుమానం రాదు." లేవబోతూ వేలు చూపించాడు. "మీ పెద్దమ్మకు మాత్రం తెలియకూడదు. తెలిస్తే నవ్వి నవ్వి మంచం పడతాది. ఈడ, తొడల కాడ బిగువుగా ఉండాల. గాలి కూడా ఆడకూడదు. కింద మాత్రం ఇంత." రెండు చేతులూ చాచి చూపించాడు. ఆ వెడల్పులో దూడ దూరుతుంది. "చొక్కా కూడా నువ్వే చూడు. పూలుండాల. పెద్ద పూలు. కాలరు కుక్క చెవుల మాదిరి."

సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన మొగుడు క్రాంతి కుమార్‌ని పంపి కొలతలు తెప్పించింది జ్యోత్స్న. మగవాళ్ల ప్యాంటు ఆమె ఎన్నడూ కత్తిరించలేదు. ఆలోచించి ఆలోచించి, ఆడపిల్లల వెడల్పు ప్యాంటు పలాజోని మోకాలి దగ్గర నొక్కితే అదే బెల్ బాటం అవుతుందని తేల్చుకుంది.

ఆ కత్తిరింపు కూడా పూర్తి కాలేదు, వెంకటమ్మ వచ్చింది.

లక్ష్మీనారాయణ భార్య ఆవిడ. చెప్పులు దర్జాగా గడప ముందే విడిచింది. చీర కొంగు కింద నుంచి గుడ్డ తాను తీసి జ్యోత్స్న ముందు పరిచింది. కాఫీరంగు మీద చేతెడంత పసుపుపచ్చ పూలు. పెట్టెలో ఏళ్ల తరబడి మడతలోనే ఉండిందేమో, కలరా ఉండల వాసన గుప్పుమంది.

"మా అన్న ఆదోని నుంచి తెచ్చిచ్చినాడు, పెండ్లయిన కొత్తల్లో. మా అత్త చూసి, కిటికీలకు కట్టే గుడ్డ ఇది, దీంతో రవికేందీ అనె. అప్పుడు మూసిన పెట్టె. ఇప్పుడు బుట్ట చేతుల రవిక కుట్టాల."

"ఎవురికి పెద్దమ్మా, సుకన్యక్కకా?"

"నాకేనమ్మా, దాంట్లో దాచేదేముంది!" అని, వెంటనే గొంతు తగ్గించింది. "మీ పెద్దనాయనకు మాత్రం చెప్పాకు. పాటల కాడికి పోతాండాం శనివారం. ఆయన ఎట్లాగూ ఆ పంచెలోనే వస్తాడు, కొంగ మాదిరి. నేనన్నా రొంత కళగా ఉండాల. నన్ను చూసి ఆయన నోరు తెరవాల, ఈగ దూరాల."

"ఎంత బుట్ట పెట్టమంటావ్?"

"బుట్టంటే బుట్టే. చేతికొక కోడిపిల్ల పట్టాల. రవికకు పోను మిగిలిన గుడ్డ పైలంగా ఇయ్యి పాపా, దిండ్లకు గలీబులు కుట్టుకుంటా."

ఆవిడ పోయాక జ్యోత్స్న నోరు కొంగుతో మూసుకుని, మిషను మీద తల పెట్టి నవ్వింది. భుజాలు కదిలిపోతున్నాయి. కృపావతి మాత్రం నవ్వలేదు.

"చూడు జ్యోత్స్నా. వాళ్లు అడగకపోతే నేను చెప్పను. అడిగితే మాత్రం ఉన్నదే చెప్తా. నన్ను ఇరికియ్యాకు."

అంతవరకూ తప్పేమీ జరగలేదు. తప్పు జరిగింది మరుసటి రోజు.

పెద్ద పూల గుడ్డ కోసం జ్యోత్స్న నంద్యాల గాంధీచౌక్ అంగళ్లన్నీ తిరిగింది. మగవాళ్ల చొక్కా గుడ్డల్లో పూలున్నాయి గానీ అవన్నీ ఆవగింజలంత. ఒక అంగడాయన, "అంత పెద్ద పూలు సోఫా కవర్లలో చూడాలమ్మా," అన్నాడు. ఉత్త చేతులతో బస్సెక్కి ఇంటికొచ్చింది. కత్తిరించిన రవిక పక్కన వెంకటమ్మ తాను మిగులు, మడిచిపెట్టి ఉంది. కాఫీరంగు మీద చేతెడంత పసుపు పూలు. చాక్లెట్ రంగు ప్యాంటుకు దేవుడు చేసి పంపినట్టుంది.

ఒక్క నిమిషం చూసింది. ఆ ఇద్దరూ ఒకే గుడ్డలో ఎదురుపడితే ఎలా ఉంటుందో ఊహించుకుంది. అంతే, చెయ్యి ఆగలేదు.

"అది ఆమె గుడ్డ," అంది కృపావతి మంచం మీద నుంచి.

"ఆమె మొగునికే కదా అత్తా కుడతాండా. ఇంట్లోదే ఇంట్లోకి పోతాంది."

"దొంగలంతా ఇట్లనే మొదలుపెడతారు," అంది కృపావతి. అన్నదే గానీ, చింతపండు మూట జరిపి ఇస్త్రీ బల్లకు చోటు చేసింది.

రెండు రోజులకు వెంకటమ్మ వచ్చి మిగిలిన గుడ్డ అడిగింది. ఇంకా రవిక కాలేదంది జ్యోత్స్న. మరునాడు మళ్లీ అడిగింది. యాడో పెట్టినా, వెతికి ఇస్తానంది. ఆ సాయంత్రానికి సందులో మాట పుట్టింది, జ్యోత్స్న గుడ్డలు మింగుతాందంట అని. ఇద్దరు వచ్చి కుట్టని గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు కూడా. జ్యోత్స్నకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నిజం చెబితే పేరు దక్కుతుంది, కానీ శనివారం తమాషా పోతుంది. అప్పటిదాకా ఎట్లాగో ఓర్చుకుందామనుకుంది.

గురువారం లక్ష్మీనారాయణ తొడిగి చూసుకోవడానికి వచ్చాడు. చెప్పులు చేతిలోనే.

లోపలి గదికి తలుపు లేదు, పాత చీరతో కుట్టిన కర్టెను ఉంది. అది నేలకు జానెడు పైనే ఆగిపోతుంది. ఆయన లోపల ప్యాంటు తొడుక్కున్నాడు. క్రాంతి కుమార్ వంగి, తొడల దగ్గర బిగువు కోసం వరసగా గుండుసూదులు గుచ్చి, స్కూలుకు టైమయిందని వెళ్లిపోయాడు. ఆ సూదులతో మనిషి వంగలేడు, కూచోలేడు. పూల చొక్కా కూడా లోపలే గోడకు తగిలించి ఉంది. సరిగ్గా అప్పుడే గడప దగ్గర గొంతు వినిపించింది.

"యాడుండావ్ పాపా? ఈ పొద్దు నా గుడ్డ చేతిలో పడిందాకా కదిలేది లే."

వెంకటమ్మ. కర్టెను వెనక ఊపిరి ఆగిపోవడం జ్యోత్స్నకు వినిపించింది.

వెంకటమ్మ స్టూలు లాగి కూచుంది. కర్టెను వైపు చూసింది. "లోపల ఎవురో ఉండారే?"

"కస్టమరు పెద్దమ్మా. తొడిగి చూసుకుంటాండారు."

కర్టెను కింద నుంచి చాక్లెట్ రంగు గుడ్డ రెండు గంపల్లా పరుచుకుని ఉంది. వాటి ముందు పది కాలివేళ్లు. వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి.

"ఏందది, లంగానా ప్యాంటా? ఇప్పటి పిల్లోళ్లు ఏం తొడుగుతాండారో అర్థం కాదు. ఈ ఊరి మనిషేనా అక్కా?" అని కృపావతిని అడిగింది.

కృపావతి చింతపండు గిన్నె కింద పెట్టింది.

"ఈ ఊరే."

"పెండ్లయిందా?"

"అయింది. శానా ఏండ్లయింది."

"పిల్లోళ్లు?"

"ఒగతే కూతురు. నంద్యాలలో బ్యాంకులో పని చేస్తాది."

జ్యోత్స్న చేతిలో కత్తెర నేల మీద పడింది. "అత్తా, వంటింట్లోకి పోయి రొంత నీళ్లు తెస్తావా?"

"నువ్వే తెచ్చుకో. నా ఒళ్లో గింజలుండాయి."

వెంకటమ్మ కర్టెను కిందికి మళ్లీ ఒకసారి, ఈసారి తీరిగ్గా చూసింది. తర్వాత స్టూలు ఇంకొంచెం కర్టెను దగ్గరికి జరుపుకుంది.

"టీ పెట్టు పాపా. నాకేం తొందర లేదు."

టీ వచ్చింది. వెంకటమ్మ ఊదుకుని ఊదుకుని తాగింది. తాగుతూ కర్టెనుకు వినపడేట్టు మాట్లాడింది.

"మనిషి చూస్తే నెమ్మదస్తురాలి మాదిరుందే. మొగుడు ఎట్లాంటోడో పాపం. మా ఇంటాయన మాదిరి ఉంటే బతుకు తెల్లారినట్టే. మా ఆయన గురక పెడితే కొట్టంలో బర్రె పలుపు తెంచుకుంటాది అక్కా. డాక్టరు చక్కెర తినొద్దంటే మైసూర్‌పాకు పొట్లం శనగల మూటలో దాచిపెడతాడు. నాకు తెలీదనుకుంటాడు. నేను దినామూ ఒకటి తీసి తింటా, ఎలకలు తిన్నాయనుకుంటాడు."

కర్టెను ఒకసారి ఊగింది. లోపల నుంచి చిన్న మూలుగు వచ్చింది, సూది గుచ్చుకున్నట్టుంది.

"ఏమైంది పాపా?" అంది వెంకటమ్మ జాలిగా. "మాట్లాడదా అక్కా?"

"ఇప్పుడు మాట్లాడదు," అంది కృపావతి. అదీ నిజమే.

"పోనీలే." వెంకటమ్మ గ్లాసు కింద పెట్టింది. "పెండ్లయిన కొత్తల్లో ఒగసారి సినిమాకని నంద్యాల తీస్కపోయినాడు. తల నిండా మల్లెపూలు పెట్టుకుని పోతి. బస్సు దిగినాక, రొంతసేపు ఈడ కూచో, బేగా వస్తానని ఎరువుల అంగడి కాడ వదిలిపెట్టె. యూరియా కోసం జనం కొట్టుకుంటాండారు ఆ పొద్దు. పక్కనే సినిమా హాలు. మూటల మీద కూచ్చోని, గోడ అవతల నుంచి పాటలు వింటి. అన్ని పాటలూ వింటి. ఆయన వచ్చేసరికి ఆట ఐపాయ."

చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదేమీ లేదు, నవ్వుతూనే చెప్పింది. కర్టెను మాత్రం ఆ తర్వాత కదలలేదు.

వెంకటమ్మ లేచింది. జ్యోత్స్న గేటు దాకా వెంట నడిచింది, ఆవిడ మళ్లీ వెనక్కి తిరగకుండా చూసుకోవాలి కదా. గేటు దగ్గర వెంకటమ్మ ఆగి, జ్యోత్స్న చెవి దగ్గరికి వంగింది.

"కింద ఇంకా రొంత దించు పాపా. వేళ్లు అగుపడకూడదు. ఆ చిటికెనేలు ఎద్దు తొక్కిన దినం పసుపు పెట్టి కట్టు కట్టింది నేనే."

జ్యోత్స్న నోరు తెరుచుకుంది. వెంకటమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గేటు పట్టుకుని కిందికి జారిపోయింది, నవ్వాపుకోలేక. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచింది.

"ఆయనకు చెప్పాకు. శనివారం నేను అప్పుడే చూసినట్టు ఆశ్చర్యపోతా. అద్దం ముందర నేర్చుకుంటా. ఆ, గుడ్డ సంగతి మర్చిపోయినాననుకోకు. నువ్వు మాత్రం శనివారం మాతో రావాల, నీకూ టికెట్టు తీయమని సుకన్యకు చెప్తా. బుట్టలు నలిగితే సరిచేసేదెవురు?"

లోపల లక్ష్మీనారాయణ కర్టెను పక్కకు జరిపి నిలబడి ఉన్నాడు. తొడల నిండా సూదులు మెరుస్తున్నాయి. ఆయన మైసూర్‌పాకు గురించి అడుగుతాడనుకుంది జ్యోత్స్న.

"ఆ సినిమా సంగతి దానికి ఇంకా గుర్తుంది," అన్నాడాయన. "నేను మర్చిపోయినాను పాపా."

కృపావతి మంచం మీద నుంచి, "గుర్తు చేసినారు కదా, ఇప్పుడన్నా ప్యాంటిప్పు. ఆ పిల్లకు పనుంది," అంది.

శనివారం మధ్యాహ్నం కారు మాట్లాడుకుని ముగ్గురూ బయల్దేరారు. మొగుడూ పెళ్లాలు చెరొక సంచీ ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. శిరివెళ్ల దాటాక లక్ష్మీనారాయణ అడిగాడు.

"ఏముంది ఆ సంచిలో?"

"మందులు. నీ సంచిలో?"

"నావీ మందులే."

ముందు సీట్లో జ్యోత్స్న కిటికీలోంచి పొలాలు చూస్తూ పెదవి కొరుక్కుంది.

పద్మావతీనగర్‌లో సుకన్య ఇల్లు. అమ్మను ఒక గదిలోకి, నాయనను ఇంకో గదిలోకి పంపి సుకన్య హాల్లో నిలబడింది. ముందు వెంకటమ్మ వచ్చింది. మేఘవర్ణం చీర, కాఫీరంగు రవిక, భుజాల మీద రెండు బుట్టలు నిక్కి నిలబడ్డాయి. జ్యోత్స్న లోపల గట్టి వల గుడ్డ వేసి కుట్టింది, తట్టినా నలగవు. చూపంతా ఎదురు తలుపు మీదే పెట్టింది. కళ్లు పెద్దవి చేయడం, చెయ్యి గుండెల మీద వేసుకోవడం అన్నీ సిద్ధం చేసుకుని ఉంది.

తలుపు తెరుచుకుంది. ముందు ప్యాంటు వచ్చింది, దాని వెనక లక్ష్మీనారాయణ వచ్చాడు. కింద గంటల్లా విచ్చుకున్న అంచులు గదిలో సగం ఆక్రమించాయి. పైన పూలు, చేతెడంత పసుపుపచ్చ పూలు, కుక్క చెవుల కాలరు దాకా పాకి ఉన్నాయి.

వెంకటమ్మ నేర్చుకున్నదంతా మరిచిపోయింది.

"నా గుడ్డ!" అంది.

లక్ష్మీనారాయణ ఆమె చేతుల వైపు చూశాడు, తన చొక్కా వైపు చూసుకున్నాడు. "ఏంది, నీదా ఇది? నువ్వేంది, ఈ చేతులేంది?" ఆయన నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. ఈగ లేదు గానీ ఉంటే దూరిపోయేదే.

"నా దిండు గలీబులు తొడుక్కొచ్చినాడే సుకన్యా!" వెంకటమ్మ సోఫాలో కూలబడింది. నవ్వుకు రవిక వెనక హుక్కు ఒకటి టప్పున ఊడింది. "జ్యోత్స్నా! యాడికి పోతాండావ్ దొంగ ముండా, రా ఈడికి! నేను ఊరంతా తిరిగి నిన్ను గుడ్డలు మింగేదానివని చెప్తి గదమ్మా! ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి లేదని చెప్పాల్నా?"

వంటింట్లోకి జారుకోబోయిన జ్యోత్స్న సూదీ దారంతో తిరిగొచ్చి ఆమె వెనక కూచుంది. "చెప్పాలి పెద్దమ్మా. సోమవారమే మొదలుపెట్టు," అంటూ హుక్కు కుట్టింది. వెంకటమ్మ ఆమె చెవి పట్టుకుని మెలిపెట్టింది, గట్టిగానే.

"నాకు తెలీకుండా ఇంతా చేసినారు," అన్నాడు లక్ష్మీనారాయణ అద్దంలో చూసుకుంటూ, గుర్రుగా.

"నువ్వు చేసింది మాత్రం నాకు తెలీదా? గురువారం కర్టెను కింద నీ వేళ్లు చూసినా. ఆ మైసూర్‌పాకు మాటలన్నీ ఎవురికి చెప్తి అనుకుంటివి?"

ఆయన మెల్లగా తిరిగి చూశాడు. "ఎరువుల అంగడిది కూడానా?"

"అది కూడా."

"పద," అన్నాడు. "ఆలస్యమైతాది."

హాల్లో జనం నిండుగా ఉన్నారు. చుక్కల చీరలు, కాటుకతో గీసుకున్న చెంప మీసాలు, ఒకాయన తలకు విగ్గు. గుమ్మం దగ్గర ఒకాయన బెల్ బాటం అంచు పట్టుకుని చూసి, "అన్నా, యాడ కుట్టిచ్చినావ్?" అన్నాడు. "హైదరాబాదు," అన్నాడు లక్ష్మీనారాయణ ఛాతీ విరుచుకుని. జ్యోత్స్నకు మండింది. వెంకటమ్మ మోచేత్తో ఆయన్ని పొడిచి, "ఆళ్లగడ్డ. ఈ పాపే," అని జ్యోత్స్నను ముందుకు లాగింది.

పాటలు మొదలయ్యాయి. లైట్లు ఆర్పేశారు. వేదిక మీద మాత్రమే వెలుగు. మూడో పాటో నాలుగో పాటో అవుతుండగా సుకన్య పక్కకు తిరిగి చూస్తే రెండు కుర్చీలూ ఖాళీ.

"జ్యోత్స్నా, మా అమ్మానాయనా ఏరీ?"

బాత్రూముల దగ్గర లేరు. గుమ్మం దగ్గర లేరు. వాచ్‌మన్‌ని అడిగితే ఆయన పళ్లన్నీ బయటపెట్టి, ఆటో ఎక్కి గాంధీచౌక్ దిక్కు పోయినారన్నాడు. సుకన్యకు కంగారు పుట్టింది. ఇద్దరూ స్కూటర్ మీద బయల్దేరారు. శనివారం సాయంత్రం, చౌక్ అంతా జనం, పట్టు చీరల అంగళ్ల ముందు దీపాలు పట్టపగల్లా ఉన్నాయి.

వెతకాల్సిన పని లేకపోయింది. జ్యూసు అంగడి ముందు గుంపు గుమిగూడి ఉంది. కాలేజీ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లక్ష్మీనారాయణ పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆయన ఒక కాలు ముందుకు పెట్టి, ప్యాంటు గంట పూర్తిగా కనపడేట్టు నిలబడ్డాడు. పక్కనే వెంకటమ్మ, బుట్టలకు ఎవరి భుజమూ తగలకుండా రెండు చేతులూ రెక్కల్లా విడదీసుకుని, "దూరం, రొంత దూరం," అని పిల్లల్ని జరుపుతోంది.

"ఏంది నాయనా ఇది! పాటలు ఇడ్చిపెట్టి వచ్చేసినారు?" అంది సుకన్య ఒగరుస్తూ.

"ఆడ లైట్లు ఆర్పేసినారు," అన్నాడు లక్ష్మీనారాయణ. "ఇంత కష్టపడి కుట్టిచ్చుకున్యాం. చీకట్లో ఎవురు చూస్తారు?"

"పాటలు నాకు గోడ అవతల నుంచైనా ఇనపడతాయి," అంది వెంకటమ్మ. "ఈ మనిషి ఇట్ల రోడ్డు మీద నా పక్కన నడిచేది మళ్లీ అగుపడదు."

లక్ష్మీనారాయణ వినిపించుకోనట్టు అంగడి అబ్బాయి వైపు తిరిగి, పెద్ద గొంతుతో బత్తాయి రసం చెప్పాడు. ఎంతమందికని ఆ అబ్బాయి అడిగితే గుంపు మొత్తాన్ని చూపించాడు. పిల్లలు ఈలలు వేశారు.

"చక్కెర వెయ్యొద్దు నాయనకు," అంది సుకన్య.

"వెయ్యి, వెయ్యి," అంది వెంకటమ్మ. "ఈ పొద్దుకు వెయ్యి."

జ్యోత్స్న స్టీలు స్టూలు ఒకటి లాక్కుని, ఆ ఇద్దరికీ కాస్త ఎదురుగా, పూలూ బుట్టలూ గంటలూ అన్నీ ఒకేసారి కనపడే చోట కూచుంది.